చిన్నగా పుట్టడం, చిన్నబోవడం

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషు కథలో బంగారు గుడ్లు పెట్టింది గూస్. మన పిల్లల పుస్తకాల్లోకి వచ్చేసరికి అది బాతయిపోయింది. అనువాదకుల్ని అనడానికేం లేదు, వాడుక తెలుగులో గూస్‌కి విడిగా పేరు లేదు మరి. సంస్కృతంలో ఉంది: హంస. డచ్ పండితుడు వోగెల్ 1962లో భారతీయ సాహిత్యంలోనూ శిల్పంలోనూ కనిపించే గూస్ మీద ఒక పుస్తకమే రాశాడు. మన కావ్యాల్లోని హంస గూసేననీ, స్వాన్ కాదనీ ఆయన వాదన. రవివర్మ మాత్రం దమయంతి పక్కన పొడుగు మెడ స్వాన్‌ని నిలబెట్టాడు. మన కళ్ళకి అదే అలవాటైంది.

నేను వోగెల్ పక్షం. అందుకని ఈ వ్యాసంలో గూస్‌ని హంస అనే అంటాను. ఇంకో కారణం కూడా ఉంది. పాలనీ నీళ్ళనీ వేరు చేయగలదని మనవాళ్ళు హంసకి ఒక బిరుదు ఇచ్చారు కదా. ఈ పక్షి నిజంగా చేసే పని అందుకు మరీ దూరమేం కాదు. ప్రోటీన్ ఉన్న లేత కొసని పీచు నిండిన ముదురు ఆకులోంచి ఏరుకుని తింటుంది. పొద్దస్తమానం అదే పని. ఆ పని ఎంత బాగా చేయగలదన్నది దాని ఒంటి సైజు మీద ఆధారపడుతుంది. ఒంటి సైజేమో, అది పిల్లగా ఉన్నప్పుడు ఏ గడ్డి తిన్నదన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ రెండో మాట రుజువు కావడానికి చాలాకాలం పట్టింది. ఆ కథలో ఎక్కువ భాగం కెనడాలో, హడ్సన్ బే పడమటి ఒడ్డున, చర్చిల్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల జరిగింది.

*

1782 ఆగస్టులో మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు చర్చిల్ నది సముద్రంలో కలిసేచోట లంగరు వేశాయి. అక్కడ హడ్సన్స్ బే కంపెనీ వాళ్ళ రాతికోట ఉంది. కట్టడానికి దశాబ్దాలు పట్టిన కోట. తీరా కాపాడుకోవాల్సిన రోజు వచ్చేసరికి లోపల నలభైమంది కూడా లేరు. కోట అధికారి శామ్యూల్ హెర్న్ ఒక్క గుండు పేల్చకుండా లొంగిపోయాడు. దోచుకున్న సామానులో ఫ్రెంచి నాయకుడు లా పెరూజ్‌కి ఒక రాతప్రతి దొరికింది. అది హెర్న్ రాసుకున్న యాత్రాకథనం. తప్పకుండా అచ్చు వేయిస్తానని మాటిస్తేనే తిరిగిస్తానని లా పెరూజ్ అన్నాడని చెబుతారు. ఆ పుస్తకం 1795లో వచ్చింది. అప్పటికి హెర్న్ పోయి మూడేళ్ళు. లా పెరూజ్ కూడా పసిఫిక్ సముద్రంలో ఓడలతో సహా కనిపించకుండా పోయి చాలా ఏళ్ళైంది.

హెర్న్ పుస్తకం గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా ఆర్కిటిక్ సముద్రం దాకా ఆయన కాలినడకన చేసిన ప్రయాణం గురించే చెబుతారు. నన్ను ఆపింది మాత్రం చివర్లో ఆయన జంతువుల గురించీ పక్షుల గురించీ రాసిన భాగం. అందులో హంసల దగ్గర మనిషి ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాడు. పెట్టక తప్పదు. ఆ ఒడ్డున కంపెనీ కోటలన్నీ ఏడాదిలో చాలా భాగం గడిపేది ఉప్పేసి పీపాల్లో దాచిన హంస మాంసం మీదే. వాటిని కొట్టి తెచ్చేది క్రీ జాతి వేటగాళ్ళు. తెల్లటి హంసల్ని కంపెనీ మనుషులు వేవీలనేవాళ్ళు, అది క్రీ భాషలోంచి తీసుకున్న మాటే. తినేవాడికి సైజు ముఖ్యం కదా, హెర్న్ కూడా సైజులు బాగా గమనించాడు. తెల్ల వేవీ వేరు, నీలి వేవీ వేరు అని రాశాడు. ఇంకొకటుంది, కొమ్ముల వేవీ అన్నాడు. ముక్కు మొదట్లో పులిపిర్లుంటాయి కాబట్టి ఆ పేరు. చూడ్డానికి తెల్ల వేవీలాంటిదే. కానీ మల్లార్డ్ బాతు కంటే పెద్దగా పెద్దదేం కాదు.

తెల్ల వేవీని ఇప్పుడు మనం మంచు హంస అనుకోవచ్చు. ఆ బుల్లిదానికి శాస్త్రీయంగా పేరు పెట్టడానికి మాత్రం 1861 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది దానికి రాస్ అనే కంపెనీ ఉద్యోగి పేరు పెట్టారు. అది గుడ్లెక్కడ పెడుతుందో పక్షిశాస్త్రానికి ఇంకా చాలాకాలం తెలియలేదు. 1938లో అంగస్ గావిన్ అనే మరో కంపెనీ ఉద్యోగి ఆర్కిటిక్‌లో పెర్రీ నది పరిసరాల్లో దాని గూళ్ళు చూశాడు. పదకొండేళ్ళ తర్వాత, ఇంగ్లండులో స్లింబ్రిడ్జ్ పక్షి కేంద్రాన్ని స్థాపించిన పీటర్ స్కాట్ కూడా దానికోసమే అక్కడిదాకా వెళ్ళొచ్చాడు.

మంచు హంస బరువు రెండు, రెండున్నర కిలోలుంటే రాస్ హంస అందులో సగం చిల్లర. రెండిటిదీ ఒకే రంగు. రెక్కల చివర నలుపు కూడా ఒకటే. చాలాచోట్ల గూళ్ళు పక్కపక్కనే. తినేదీ గడ్డీ తుంగే. మరి ఒకటి అంత పెద్దదిగా, ఇంకొకటి ఇంత చిన్నదిగా ఎందుకున్నట్టు?

*

దీనికి కాస్త లెక్క కావాలి. భయపడకండి, ఒక్క పేరానే.

1932లో కాలిఫోర్నియాలో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త జంతువుల బరువుకీ, అవి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు పెట్టే శక్తికీ ఉన్న సంబంధాన్ని గీత గీసి చూపించాడు. బరువు రెట్టింపైతే ఖర్చు రెట్టింపవదు, సుమారు 1.7 రెట్లే అవుతుంది. అంటే రెండున్నర కిలోల హంసకి, కిలోంపావు హంసలు రెండు తినేంత తిండి అక్కర్లేదు. కానీ పొట్టలో చోటు మాత్రం దాదాపు బరువుతో సమానంగా పెరుగుతుంది. కాబట్టి పెద్ద హంసకి ఖర్చుతో పోలిస్తే సంచి పెద్దది. ముతక తిండితో నింపుకున్నా ఎలాగో నెట్టుకొస్తుంది. నాలుగు రోజులు పస్తున్నా ఆగుతుంది. చిన్నదానికి ఆ వెసులుబాటు లేదు. దానికి మేలైన తిండి కావాలి, కావలసినప్పుడల్లా కావాలి.

ఇంతవరకూ చూస్తే పెద్దదే గెలిచినట్టు. ఇప్పుడు పొట్ట దగ్గర్నుంచి ముక్కు దగ్గరికి వద్దాం.

హంస గడ్డి తినే జంతువే, కానీ ఆవూ గేదె లాంటిది కాదు. నెమరు వేయలేదు. నమలడానికి పళ్ళు లేవు, కందనకాయలో నూరుకోవాల్సిందే. ఎగరాలి కాబట్టి బోలెడంత గడ్డిని పొట్టలో నిలవేసుకుని తీరిగ్గా పులియబెట్టే వీలూ లేదు. మేసింది గంటా రెండు గంటల్లో అవతలికి వెళ్ళిపోతుంది. మేసేటప్పుడు కొద్ది నిమిషాలకోసారి రెట్ట వేస్తూనే ఉంటుంది. పీచులో చాలా భాగం అరక్కుండానే పోతుంది. అందుకే అది లేత గడ్డి ఏరుకోవాలి, పగలంతా ఏరుకుంటూనే ఉండాలి. దాని బతుకంతా ముక్కుతో వేసే ఒక్కొక్క పోటు మీద నడుస్తుంది.

గడ్డి పొట్టిగా ఉందనుకోండి. ఒక్కో పోటుకి దొరికేది ఆ కాస్త కొసే. ముక్కు ఎంత పెద్దదైనా లేని గడ్డిని అందుకోలేదు కదా. రెట్టింపు బరువున్న హంసకి పోటుకి రెట్టింపు గడ్డి రాదు. దాని అవసరమేమో 1.7 రెట్లు. ఆ తేడా పూడ్చుకోవాలంటే ఇంకా ఎక్కువ గంటలు మేయాలి. పగటికేమో ఒక హద్దుంది. అదే పచ్చికలో చిన్న హంస, చిన్న ముక్కుతో, టకటకా పొడుచుకుంటూ కడుపు నింపేసుకుంటుంది. గడ్డి పొడుగ్గా ఎదిగితే కథ తిరగబడుతుంది. పెద్ద ముక్కు ఒక్కసారికే గుప్పెడు లాగేస్తుంది. చిన్న ముక్కుకి పొడుగాకు ఒక తంటా. కొరకాలి, నాలుకతో లోపలికి లాక్కోవాలి, మళ్ళీ సర్దుకోవాలి. చుట్టూ బోలెడు గడ్డి ఉంటుంది, గంటకి మింగేది మాత్రం తగ్గిపోతుంది. యూరప్ పచ్చికల్లో చిన్న బాతు విజియన్‌నీ, మధ్యరకం బార్నకిల్ హంసనీ, పెద్దదైన గ్రేలాగ్ హంసనీ పక్కపక్కన పెట్టి పరిశోధకులు దీన్ని పరీక్షించారు. గడ్డి ఎత్తూ, ఒంటి బరువూ, ముక్కు సైజూ కలిస్తేనే మేత వేగం తేలుతుంది. ఏదో ఒకటి చూసి చెప్పలేం.

కాబట్టి ఫలానా హంస సమర్థంగా మేస్తుంది అనే వాక్యం సగం వాక్యమే. ఎంత ఎత్తు గడ్డిలో అని అడగాలి. రాస్ హంస చిన్నగా ఉండటం లోపం కాదు. తరతరాలుగా పొట్టి గడ్డి మేస్తూ అది నేర్చుకున్న వృత్తి. అది చిన్నగా పుట్టింది, చిన్నగానే నిండుగా బతుకుతుంది.

*

ఇప్పుడు మళ్ళీ చర్చిల్‌కి. ఊరికి తూర్పున, ఒడ్డు వెంబడి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఒక నిస్సారమైన అఖాతం ఉంది. హెర్న్ కోటని పట్టుకున్న నాయకుడి పేరే దానికి పెట్టారు, లా పెరూజ్ బే. అక్కడ మంచు హంసలు గూళ్ళు పెడతాయి. 1968లో కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ నుంచి ఫ్రెడ్ కుక్ అనే జన్యుశాస్త్రవేత్త అక్కడ పని మొదలుపెట్టాడు.

ఆయనకి కావాల్సింది సైజు కాదు, రంగు. హెర్న్ వేరువేరుగా లెక్కగట్టిన తెల్ల వేవీనీ నీలి వేవీనీ పక్షిశాస్త్రం కూడా చాలాకాలం రెండు జాతులుగానే చూసింది. అవి ఒకే జాతిలో రెండు రంగులనీ, ఆ రంగుల వెనక జన్యువు ఎలా పనిచేస్తుందో, పిల్లలు పెద్దయ్యాక అమ్మానాన్నల రంగున్న జోడీనే ఎలా వెతుక్కుంటాయో కుక్ బృందం తేల్చింది. ఇందుకోసం ఎవరు ఎవరి బిడ్డో తెలియాలి. గూట్లో పొదిగిన రోజే పిల్ల కాలి చర్మానికి చిన్న గుర్తు తగిలించేవారు. ఆగస్టు దగ్గరపడే సమయానికి పిల్లలకింకా రెక్కలు రావు, పెద్దవేమో పాత ఈకలు రాల్చుకుని ఎగరలేని స్థితిలో ఉంటాయి. అప్పుడు మందల్ని కాలినడకన తోలి వలల దొడ్లో పెట్టి, కాలికి కడియం వేసి వదిలేవారు. ఎలాగూ చేతిలో ఉంది కదా అని బరువు తూచేవారు, కాలి ఎముకా ముక్కూ కొలిచేవారు. ఏటేటా అదే పని. మన ఊళ్ళలో కరణం అడంగల్ రాసినట్టు, దేనికి పనికొస్తుందో తెలియకుండానే ఒక ఊరి హంసలన్నిటి లెక్కా పోగుపడింది.

డెబ్భైల్లో టొరంటో యూనివర్సిటీ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ జెఫ్రీస్ అక్కడి గడ్డి వైపు చూడటం మొదలుపెట్టాడు. ఆ ఉప్పు చిత్తడిలో ఉండేది రెండే రెండు ముఖ్యమైన మేతలు. ఒకటి నేలబారు గడ్డి, రెండోది పొట్టి తుంగ. నేలలో నత్రజని చాలా తక్కువ. జెఫ్రీస్ బృందం కంచె వేసి హంసల్ని రానివ్వని చోటునీ, అవి మేసిన చోటునీ పోల్చింది. మేసిన చోటే గడ్డి ఎక్కువగా పెరిగింది! కారణం రెట్టలు. మేసినదాన్ని రెండు గంటల్లోపే తిరిగి నేలకిచ్చేస్తాయి కదా, ఆ నత్రజనితో గడ్డి మళ్ళీ లేతగా చిగురిస్తుంది. పిల్లలకి కావాల్సింది సరిగ్గా అలాంటి చిగురే. పొట్టి గడ్డి, లేత గడ్డి, ప్రోటీన్ నిండిన గడ్డి. హంసలు తమ పొలాన్ని తామే సాగు చేసుకుంటున్నాయన్నమాట.

ఆ చిగురు ఎంత అవసరమో ఒక లెక్కలో చెప్పొచ్చు. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పిల్ల బరువు వంద గ్రాముల లోపు. ఆరువారాలు తిరిగేసరికి కిలోన్నర దాకా పెరగాలి, ఎందుకంటే వెనకే చలి తరుముకొస్తుంది. తల్లి నోట్లో పెట్టదు. కాపలా కాస్తుంది, అంతే. మొదటి రోజు నుంచీ పిల్ల తన ముక్కుతో తానే పొడుచుకుని తినాలి. ఎముకల కొలతలన్నీ ఆ ఆరువారాల్లోనే దాదాపు ఖాయమైపోతాయి. తర్వాత ఎంత తిన్నా కొవ్వు పెరుగుతుంది తప్ప కాలు పొడుగవదు.

*

ఎనభైల చివరికి ఎవరూ ఎదురుచూడని సంగతి ఒకటి కొలతల పుస్తకాల్లోంచి బయటపడింది. ఇవాన్ కూచ్ అనే యువ పరిశోధకుడు కుక్‌తో, రాబర్ట్ రాక్‌వెల్, డేవిడ్ లాంక్‌లతో కలిసి ఏళ్ళ తరబడి కొలతల్ని వరసపెట్టి చూశాడు. పిల్లలు ఏటికేడాది తేలికవుతున్నాయి. కాలి ఎముక పొట్టిదవుతోంది, ముక్కు కూడా. అవి పెరిగి పెద్దవైతే ఆ పెద్దవీ చిన్నవే. లా పెరూజ్ బే హంసల జాతకం మొత్తం కుంచించుకుపోతోంది. 1991లో వాళ్ళు అచ్చువేసిన ఒక పత్రం శీర్షిక చివర్లో ప్రశ్నార్థకం ఉంది: ఇది పరిసరాలు చెడిపోవడానికి ఆనవాలా? అని.

ప్రశ్నార్థకం ఊరికే పెట్టలేదు. డార్విన్‌ని చదువుకున్న ఎవరికైనా ముందు తోచే జవాబు ఇంకొకటి. మేత తగ్గింది, గడ్డి పొట్టిదైంది. పొట్టి గడ్డిలో చిన్నవాటికే లాభమని ఇందాకే చెప్పుకున్నాం. కాబట్టి చిన్నవి మిగిలాయి, పెద్దవి రాలిపోయాయి. మంచు హంసలు నెమ్మదిగా రాస్ హంసల్లా మారుతున్నాయి. ఎంత అందమైన వివరణ! ప్రకృతి తన లెక్క తనే సరిచేసుకుంటోందని నిశ్చింతగా ఉండొచ్చు.

కొలతలు దీన్ని ఒప్పుకోలేదు. ఒకే ఏడాది పుట్టిన పిల్లల్లో మొదటి ఏడు దాటి బతికినవి ఎక్కువగా పెద్దవే, చిన్నవి కాదు. ఒంటి సైజు తల్లిదండ్రుల నుంచి కొంతవరకు వారసత్వంగా వస్తుందని కూడా వాళ్ళకి తెలుసు. పెద్దవే బతుకుతుంటే, పెద్దరికం వారసత్వమే అయితే, తరాలు గడిచేకొద్దీ హంసలు పెద్దవి కావాలి. అవుతున్నవి చిన్నవి. ఎన్నిక ఒక వైపుకి లాగుతోంది, ఫలితం ఇంకో వైపుకి వెళుతోంది.

ముడి విప్పిన సాక్ష్యం 1993లో వచ్చింది. ఈ కథంతటిలో నాకు మనసుకి పట్టిన భాగం ఇదే. మంచు హంసల్లో ఆడవి పుట్టినచోటికే తిరిగొచ్చి గూడు పెడతాయి. పిల్లల్ని కూడా తాము పెరిగిన పచ్చికకే తీసుకెళ్తాయి. అయితే ఎనభైల్లో కొన్ని కుటుంబాలు ఆ అలవాటు తప్పి, పిల్లల్ని నడిపించుకుంటూ ఒడ్డు వెంబడి కొత్తచోట్లకి వెళ్ళిపోయాయి. అవే గూళ్ళు, అదే రక్తం. కూచ్ బృందం రెండు రకాల పిల్లల్నీ కొలిచి పోల్చింది. వెళ్ళిపోయినవాళ్ళ పిల్లలు పెద్దగా పెరిగాయి, మొదటి ఏడాది ఎక్కువగా బతికాయి కూడా. ఉండిపోయినవాళ్ళ పిల్లలు చిన్నవే. పుట్టినచోటిని పట్టుకుని ఉండటానికి చెల్లించే ధర అని శాస్త్రం పొడిపొడి మాటల్లో దానికి పేరు పెట్టింది. ఊరు ఎండిపోయిందని తెలిసినా ఊరు వదలనివాళ్ళని ఎరిగిన మనకి ఆ మాట అంత పొడిగా వినిపించదు.

అంటే జన్యువుల్లో ఏ మార్పూ అక్కర్లేదు. పెద్దగా పెరగాల్సిన పిల్లలే గడ్డి చాలక చిన్నబోయాయి. తెలుగులో చిన్నబోవడం అన్న మాటకి ఇంతకంటే సరిగ్గా సరిపోయే సందర్భం నాకెక్కడా కనబడలేదు.

కొన్నేళ్ళకి, 1998లో, స్వీడన్ వైపు నుంచి కూడా ఇదే మాట వచ్చింది. బాల్టిక్ సముద్రంలోని గాట్‌లాండ్ ద్వీపం దగ్గర బార్నకిల్ హంసలు డెబ్భైల మొదట్లో కొత్తగా గూళ్ళు పెట్టడం మొదలుపెట్టాయి. మంద పెరిగేకొద్దీ ఒళ్ళు తగ్గింది. అక్కడా పెద్దవాటికే అనుకూలంగా ఎన్నిక జరుగుతోంది, అక్కడా సైజు కిందికే జారింది.

*

మరి ఆ స్వయంపోషక పచ్చికకి ఏమైంది? మేసేకొద్దీ పెరిగే గడ్డి కదా.

హంసలు ఎక్కువైపోయాయి. కుక్ వచ్చిన కొత్తలో కొద్ది వేల జతలుండే లా పెరూజ్ బేలో ఎనభైల చివరికి గూళ్ళు పదుల వేలకి చేరాయి. ఖండం మధ్యభాగంలోని మంచు హంసలన్నీ కలిపి చలికాలపు లెక్కల్లో అరవైల చివర పది లక్షల లోపుండేవి. తొంభైల నడుముకి ముప్ఫై లక్షల దరిదాపుల్లోకి వచ్చాయి. కారణం ఆర్కిటిక్‌లో లేదు, నాలుగు వేల కిలోమీటర్ల దక్షిణాన ఉంది. ఒకప్పుడు ఈ హంసలు టెక్సాస్, లూసియానా తీరంలోని చిత్తళ్ళలో దుంపవేర్లు తవ్వుకుంటూ చలికాలం గడిపేవి. ఎంతమంది బతకాలన్నది ఆ చిత్తడే తేల్చేది. తర్వాత తీరం వెనక వరిచేలు విస్తరించాయి. మధ్యరాష్ట్రాల్లో మొక్కజొన్న విస్తరించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నత్రజని ఎరువులు బస్తాలకి బస్తాలు పడ్డాయి. యంత్రాలు కోసిన చేలల్లో రాలిన గింజలకి లెక్కలేదు. హంసలు చిత్తడి వదిలి చేలకెక్కాయి. చలికాలం చావులు తగ్గాయి. బాగా బలిసి ఉత్తరానికి వెళ్ళే తల్లులు ఎక్కువయ్యాయి. జెఫ్రీస్ దీన్ని వ్యవసాయం హంసలకిస్తున్న సబ్సిడీ అన్నాడు. చేలల్లో వేసిన ఎరువు గింజై, గింజ కొవ్వై, కొవ్వు గుడ్డై టండ్రాలో తేలింది.

మేనెలలో అవి చర్చిల్ చేరేసరికి గడ్డి ఇంకా చిగురించదు. అప్పుడు ముక్కుతో నేల తవ్వి వేర్లూ దుంపలూ పెకలించి తింటాయి. పదిమంది తవ్వితే నేల పూడుకుంటుంది. పదివేలమంది తవ్వితే పచ్చని చాప చిరిగిపోతుంది. చాప పోయిన నేల మీద ఎండ నేరుగా పడుతుంది. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న బంకమన్ను అది. ఆవిరితోపాటు లోపలి ఉప్పు పైకి తేలుతుంది. మన రైతుకి ఇది వివరించి చెప్పక్కర్లేదు, చవుడు తేలడం అంటారు. చవుడు తేలిన చోట ఆ గడ్డి మళ్ళీ రాదు. మిగిలిన పచ్చిక మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అదీ చిరుగుతుంది. ఇదంతా ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనబడింది. 1973 నుంచి 1993 దాకా తీసిన చిత్రాలు పక్కపక్కన పెడితే ఒడ్డు వెంబడి పచ్చదనం బట్టతలవుతూ వచ్చింది. ఒకే ముక్కు, ఒకే ఆకలి. కొద్దిమంది ఉన్నప్పుడు సాగు చేసింది, ఎక్కువమంది అయ్యాక అదే చేనుని చంపింది.

*

మంచు హంసలు చిన్నబోతున్న అవే ఏళ్ళలో మన దేశంలో ఇంకో వాదం జరుగుతోంది. మనుషులు హంసలు కారు, నాకు తెలుసు. కానీ వాదం నిర్మాణం ఎంత దగ్గరగా ఉందంటే పక్కన పెట్టకుండా ఉండలేకపోతున్నాను.

1982లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. పేద దేశాల్లో పొట్టిగా ఉన్న పిల్లల్లో చాలామందిని పోషకాహార లోపం ఉన్నవాళ్ళ లెక్కలో వేయనక్కర్లేదు, తక్కువ తిండికి శరీరం చేసుకున్న సర్దుబాటు అది, చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు అని. చిన్న ఒంటికి తక్కువ తిండి చాలు అన్నది క్లైబర్ గీతకి కూడా సరిపోయే మాటే. వినడానికి తర్కంగానే ఉంటుంది. ప్రభుత్వాల ఖర్చుకి హాయిగానూ ఉంటుంది. దీన్ని గట్టిగా ఎదుర్కొన్న వాళ్ళలో ముఖ్యుడు సి. గోపాలన్. తార్నాకలో మనం బస్సులోంచి చూసే జాతీయ పోషకాహార సంస్థకి ఏళ్ళ తరబడి డైరెక్టరుగా పనిచేసినాయన. ఆయన వాదన సారాంశం ఇది: సర్దుకోవడం వేరు, ఆరోగ్యం వేరు. పొట్టితనం పేదవాళ్ళకి మాత్రమే సరిపోతుందనడం శాస్త్రం కాదు. తిండీ శుభ్రతా అందిన ఇళ్ళలో అదే జాతి పిల్లలు పెరగాల్సినంత పెరుగుతున్నారు కదా.

అచ్చం ఒడ్డు వెంబడి నడిచి వెళ్ళిపోయిన హంసల సాక్ష్యమే. వెళ్ళిపోయినవాళ్ళ పిల్లలు పెరిగారు కాబట్టి ఉండిపోయినవాళ్ళ పిల్లల చిన్నతనం స్వభావం కాదని తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు దేశంలో 35.5 శాతం. తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2. మనవాళ్ళ పొడవే ఇంత అని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడల్లా నాకు చర్చిల్ దగ్గరి వలల దొడ్డి గుర్తొస్తుంది.

*

చరిత్ర ఇక్కడితో ముగిసిపోలేదు. 1996లో లా పెరూజ్ బే వాపుస్క్ జాతీయ ఉద్యానంలో భాగమైంది. మరుసటేడు ఆర్కిటిక్ ప్రమాదంలో ఉందంటూ శాస్త్రవేత్తల నివేదిక వచ్చింది. 1999లో అమెరికా మంచు హంసల వేట మీద ఉన్న కట్టుబాట్లు సడలించింది. వసంతంలోనూ కొట్టొచ్చు, రికార్డు చేసిన కూతలతో పిలిచి కొట్టొచ్చు, ఎన్నైనా కొట్టొచ్చు. అయినా మంద తగ్గలేదు. పెరుగుదలని తుపాకీ ఆపలేకపోయిందని 2011లో రే ఆలిసాస్కస్ బృందం లెక్కలతో చూపించింది. వరిచేలు ఇస్తున్నదాన్ని వేటగాళ్ళు తీసేయలేకపోయారు.

హెర్న్ కొమ్ముల వేవీ మాత్రం ఈ మధ్యకాలంలో బాగా పుంజుకుంది. ఒకప్పుడు అరుదనుకున్న రాస్ హంసలు ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. ఆర్కిటిక్‌లో కారక్ సరస్సు దగ్గర మంచు హంసలతో కలిసి ఒకే పెద్ద వాడలో గూళ్ళు పెడతాయి. పైనుంచి చూస్తే అన్నీ తెల్ల చుక్కలే. దగ్గరికెళ్ళి చూస్తే రెండు సైజులు.

హెర్న్ చూసింది కూడా ఆ రెండు సైజులే. ఆయన కాలానికి ఒక చిన్న హంస కనబడితే అదొక వేరే జాతి. ఇప్పుడు ఒక చిన్న హంసని చేతిలోకి తీసుకుంటే అడగాల్సిన ప్రశ్న మారింది. ముక్కు పొట్టిగా, ఒళ్ళు తేలికగా ఉన్న ఈ పక్షి పొట్టి గడ్డి కోసం తరతరాలుగా అలా మలుచుకున్నదా? లేక పెద్దగా కావాల్సిన పిల్లకి ఆ ఆరువారాల్లో గడ్డి అందలేదా? తక్కెడ ఈ రెండిటికీ ఒకే అంకె చూపిస్తుంది. తేడా తెలియాలంటే కుక్ బృందంలా ఏళ్ళ తరబడి కొలుస్తూ ఉండాలి, ఎవరి బిడ్డో రాసుకోవాలి, ఎక్కడ మేసిందో చూడాలి. పాలనీ నీళ్ళనీ వేరు చేసే పని ఇదే అనుకుంటాను. ఈసారి చేయాల్సింది హంస కాదు, మనం.